మన బాండీలో నూనె ఏ మిల్లుది అని అడుగుదాం

ఎడిటర్ గారికి నమస్కారాలు.

పోయిన నెలలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చిందండి. ఒరాంగుటాన్ అనే తోకలేని పెద్ద వానరం పిల్ల, ఏడాది కూడా ఉండదేమో, దానికి గులాబీ రంగు గౌను తొడిగి డైపర్ వేసి చేతికి పాలసీసా ఇచ్చి మూడు చక్రాల సైకిల్ మీద కూర్చోబెట్టారు, ఎవరో పక్కనుంచి చప్పట్లు కొడుతుంటే అది ఆ సీసానే గట్టిగా పట్టుకుని చూస్తోంది, అంతే వీడియో. కింద ముప్పై నలభై నవ్వు బొమ్మలు, ఎంత ముద్దుగా ఉందో అని, మా మనవడు అచ్చం ఇలాగే చూస్తాడు అని, ఇవి ఎక్కడ అమ్ముతారు అని కూడా ఒకరు అడిగారు. నేనూ నవ్వి మా అక్కచెల్లెళ్ళ గ్రూపుకి పంపించేశాను. మా అమ్మాయి కాలేజీలో జువాలజీ చదువుతోంది, అది నా ఫోన్‌లో చూసి "అమ్మా, ఇంతమంది చూశారు కదా, దీని తల్లేదీ అని ఒక్కళ్ళూ అడగలేదేంటి" అంది.

నాకు తట్టలేదు ఆ మాట. ముగ్గురు పిల్లల్ని కన్నదాన్ని, నాకే తట్టలేదు.

తర్వాత తనే కూర్చోబెట్టి చెప్పింది. ఒరాంగుటాన్ తల్లి పిల్లని కనీసం ఆరేడేళ్ళు వెంటపెట్టుకుని తిరుగుతుందట, ఏ చెట్టు ఎప్పుడు కాపుకొస్తుందో, ఏ కొమ్మ బరువు ఆపుతుందో, రాత్రయితే కొమ్మలు వంచి ఆకులు పరిచి పక్క ఎలా వేసుకోవాలో అన్నీ నేర్పుతుందట, ఏ రోజు పక్క ఆ రోజే కొత్తగా కట్టుకుంటాయి అవి. ఒక కాన్పుకీ ఇంకో కాన్పుకీ మధ్య ఏడెనిమిదేళ్ళు పడుతుంది, పాలిచ్చే జంతువుల్లో ఇంత ఎడం ఇంక దేనికీ లేదు. మొదటి కాన్పే పదిహేనేళ్ళ వయసు దగ్గర అంటే ఒక తల్లి జీవితం మొత్తం మీద నాలుగైదు పిల్లలు, అంతకంటే ఉండవు. అట్లాంటి తల్లి చేతుల్లోంచి పిల్లని లాక్కోవాలంటే తల్లి ప్రాణంతో ఉండగా కుదరదు, ముందు తల్లిని చంపుతారు. అడవిలోంచి తెచ్చి గౌను తొడిగిన పిల్ల ఉందంటే వెనక తల్లి శవం ఉందనే లెక్క. 2019 మార్చిలో సుమత్రాలో, ఆచే అనే చోట, ఒక తల్లి ఒరాంగుటాన్‌ని కాపాడి తెచ్చారు, ఎక్స్‌రే తీస్తే ఒంట్లో 74 ఎయిర్‌గన్ గుళ్ళు ఉన్నాయి, రెండు కళ్ళూ పోయాయి, చంకలో ఉన్న నెల పిల్ల కూడా దక్కలేదు. ఆ తల్లికి హోప్ అని పేరు పెట్టారు. ఆ ఎక్స్‌రే ఫొటో మా అమ్మాయి చూపించింది, తెల్లటి చుక్కలు ఒళ్ళంతా చల్లినట్టు ఉన్నాయి. నేను ఆ వీడియో పంపించిన చోటల్లా డిలీట్ చేసి, ఎందుకు చేశానో కూడా రాశాను. ఒకావిడ "నువ్వు మరీ సీరియస్‌గా తీసుకుంటావు" అంది, ఇంకో ఇద్దరు వాళ్ళు పంపించిన చోట కూడా తీసేశామని చెప్పారు.

ఇది ఇక్కడితో అయిపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. నేను చెన్నై పెరంబూర్‌లో ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్ముతాను, ఇరవై ఏళ్ళ పైన అయింది, జంతికలు, చేగోడీలు, కజ్జికాయలు, అరిసెలు, పండగలప్పుడు ఆర్డర్లు ఎక్కువ. నాతో పాటు ఇంకో నలుగురు ఆడవాళ్ళు చేస్తారు. నూనె డబ్బాల లెక్కన కొంటాం, 15 కేజీల డబ్బా, ఇక్కడే చెన్నైలో ప్యారీస్ కార్నర్ వైపు టోకు షాపులో. అందులో ఎక్కువ పామోలిన్, అంటే పామాయిల్‌లోంచి తీసిందే. దాచడానికేం లేదు, వేపుడికి అది తట్టుకున్నట్టు ఇంకో నూనె తట్టుకోదు, తొందరగా నల్లబడదు, సరుకు నాలుగు రోజులు కరకరలాడుతుంది, రేటు కూడా తక్కువ, ఒక్కోసారి డబ్బాకి మూడు నాలుగొందలు తేడా ఉంటుంది. ఒరాంగుటాన్ అడవులు పోవడంలో ఈ పామాయిల్‌ది పెద్ద చెయ్యి అని మా అమ్మాయి చెప్పేసరికి నాకు ఆ డబ్బా వంక చూడబుద్ధి కాలేదు.

ఇక్కడ నుంచి నేను చదివింది, అడిగి తెలుసుకున్నది రాస్తాను, మీ పాఠకులు చాలామందికి తెలీకపోవచ్చు.

ఒరాంగుటాన్లు ప్రపంచంలో రెండే దీవుల్లో ఉన్నాయి, బోర్నియో, సుమత్రా. బోర్నియో అంటే కొంత ఇండోనేషియా, కొంత మలేషియా, మధ్యలో చిన్న బ్రూనై. సుమత్రా మొత్తం ఇండోనేషియాదే. మలయ్ భాషలో ఒరాంగ్ అంటే మనిషి, హుతాన్ అంటే అడవి, అడవి మనిషి అన్నమాట. మొత్తం మూడు జాతులు, బోర్నియోలో ఒకటి, సుమత్రాలో రెండు. మూడోదాన్ని, తపనూలి ఒరాంగుటాన్‌ని, వేరే జాతి అని గుర్తించిందే 2017లో, గుర్తించేసరికే అవి ఎనిమిది వందల లోపు మిగిలాయి, సుమత్రాలో బతాంగ్ తోరు అనే ఒక్క కొండ ప్రాంతంలోనే. మూడు జాతులూ అంతరించే ముప్పులో చివరి మెట్టు మీద ఉన్నాయని ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ఉంది. బోర్నియోలో 1999 నుంచి 2015 లోపు లక్ష పైన తగ్గిపోయాయని 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. అందులో నాకు కొత్తగా అనిపించిందేంటంటే, చెట్లు కొట్టేసిన చోటే కాదు, అడవి ఇంకా నిలబడి ఉన్న చోట కూడా బోలెడు పోయాయి, అంటే వేటాడి, తోటల్లోకొచ్చాయని కొట్టి చంపారు. కాబట్టి పామాయిల్ ఒక్కటే కారణం అని నేననను. కానీ అడవి పోతే ఆకలికి తోటలోకి రావడం, తోటలోకి వస్తే తుపాకీ దెబ్బ తినడం, పిల్లని పట్టుకుని అమ్ముకోవడం, ఇవన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసలు.

నేల సంగతి కూడా చెప్పాలి. బోర్నియో, సుమత్రాల్లో చాలా చోట్ల పీట్ నేలలు ఉంటాయి, వేల ఏళ్ళుగా ఆకూ కొమ్మా నీళ్ళలో మునిగి కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకుపోయిన నేల. ఆ నేల తడిగా ఉన్నంతకాలం అడవి బాగుంటుంది. తోటలు వెయ్యడానికి కాలవలు తవ్వి నీళ్ళు తోడేస్తే ఎండిపోయి, ఎవడన్నా నిప్పు పెడితే పైన ఆరిపోయినట్టే ఉండి లోపల్లోపల వారాల తరబడి కాలుతుంది, మన ఊళ్ళో రైసుమిల్లు పక్కన ఊక కుప్ప కాలినట్టు. 2015లో ఇండోనేషియాలో అలా 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి, పొగ సింగపూర్ దాకా వెళ్ళి స్కూళ్ళు మూసేశారు. ఒరాంగుటాన్ పరుగెత్తే జంతువు కాదండీ, కొమ్మ పట్టుకుని కొమ్మ మీదకి నిదానంగా పోయే జంతువు.

ఇంక నా అసలు విషయానికొస్తాను. మా పుట్టిల్లు జంగారెడ్డిగూడెం దగ్గర. ఇదివరకు మా నాన్న పొగాకు వేసేవాడు, ఇప్పుడు తమ్ముడు ఆరెకరాల్లో ఆయిల్‌పామ్ వేశాడు. వాడికి ఫోన్ చేసి, ఒరే ఇక నుంచి పామోలిన్ మానేద్దామనుకుంటున్నాను, నలుగురికీ కూడా చెప్తాను అన్నాను. వాడికి కోపం వచ్చింది. "అక్కా, నేను ఏ అడవి కొట్టానే? పొగాకు బారన్లకి కట్టెలు తగలేసిన రోజుల్లో ఎవరూ ఏమనలేదు, ఇప్పుడు నాలుగు గెలలు అమ్ముకుంటుంటే మా మీదకొస్తావా" అన్నాడు. వాడి మాటలో తప్పేం లేదు. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది, ఏలూరు చుట్టుపక్కల, అటు అశ్వారావుపేట వైపు ముప్పై ఏళ్ళ నుంచి రైతులు వేస్తున్నారు, దేశంలో పండే పామాయిల్‌లో దాదాపు అంతా మన రెండు తెలుగు రాష్ట్రాలదే. అక్కడ ఒరాంగుటాన్ లేదు, పొగాకు చేను, మొక్కజొన్న చేను తోట అయింది.

పైగా ఇంకో లెక్క ఉంది. ఎకరానికి సోయా, పొద్దుతిరుగుడు ఇచ్చే నూనెకి కనీసం నాలుగైదు రెట్లు ఇస్తుంది ఈ చెట్టు. రేపు లోకమంతా పామాయిల్ మానేసి సోయా నూనెకి మారిందనుకోండి, అదే నూనె రావడానికి ఇంకా ఎక్కువ నేల కావాలి, ఆ నేల ఎక్కడ్నుంచి వస్తుంది, ఇంకో దేశంలో ఇంకో అడవి కొట్టాలి. అందుకే ఒరాంగుటాన్ల కోసం పనిచేసే వాళ్ళలో కూడా చాలామంది బాయ్‌కాట్ అనరు, అడవి కొట్టకుండా పండించిన నూనె అడగండి అంటారు. ఇది చదివాక నాకు మనసు కుదుటపడింది, కానీ అడగడం ఎలా అన్నది తేల్లేదు. డబ్బా మీద ప్యాకింగ్ చేసిన కంపెనీ అడ్రస్ ఉంటుంది, అది కృష్ణపట్నం రేవు పక్కనో, ఎన్నూరులోనో ఉండే రిఫైనరీ, అంతే. షాపాయన్ని "ఈ నూనె ఎక్కడిదండీ" అంటే "హార్బర్ నుంచి వస్తుందమ్మా" అన్నాడు. నిజమే, ఆయనకి అంతవరకే తెలుసు.

దారి మళ్ళీ మా తమ్ముడే చూపించాడు, వాడికి తెలీకుండానే. కోపం తగ్గాక ఇంకోసారి మాట్లాడుకుంటూ చెప్పాడు, గెల కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలక్కా, లేటయితే పండులో యాసిడ్ పెరిగిపోయి నూనె పాడవుతుంది, అందుకే మాకు ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి పోవాలో ప్రభుత్వమే కేటాయించి పెట్టింది అని. చూశారా, వరి, పప్పు లాగా ఎక్కడో కొని ఎక్కడో ఆడించే సరుకు కాదు ఇది. ఏ మిల్లయినా దాని చుట్టుపక్కల తోటల గెలలే ఆడిస్తుంది, ఇక్కడైనా బోర్నియోలోనైనా అంతే, పండు ఆగదు కాబట్టి. అంటే నూనె ఏ మిల్లుదో తెలిస్తే అది ఏ ఊళ్ళ తోటలదో, ఆ పక్కన ఏ అడవి ఉందో, ఆ అడవి నాలుగేళ్ళ కిందట ఎంతుంది ఇప్పుడెంతుంది అని ఉపగ్రహం ఫొటోల్లో చూసేయొచ్చు. ఇది నా బుర్రలో పుట్టిన కొత్త సంగతేం కాదని తర్వాత తెలిసింది, ప్రపంచంలో పెద్ద పెద్ద బిస్కెట్, సబ్బుల కంపెనీలు చాలావరకు ఇప్పటికే తాము కొనే మిల్లుల లిస్టులు వెబ్‌సైట్లో పెడుతున్నాయి, ఎందుకంటే అక్కడి జనం అడిగారు. యూరప్ వాళ్ళయితే 2020 డిసెంబర్ తర్వాత అడవి కొట్టిన నేల మీద పండిన పామాయిల్ మా దేశాల్లోకి రావద్దని 2023లో చట్టమే చేసుకున్నారు, దాని అమలు వాయిదాల మీద వాయిదాలు పడుతోంది, అది వేరే సంగతి.

మరి మనమో? ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునేది ఇండియానే. ఒక్కో ఏడాది 75 లక్షల టన్నులు, ఒక్కో ఏడాది 90 లక్షల పైన, ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే. అంటే మన చెగోడీ, మన సమోసా, హోటల్లో పూరీ, పిల్లల బిస్కెట్, బేకరీ పఫ్‌లో వేసే డాల్డా, పొద్దున్నే ఒళ్ళు రుద్దుకునే సబ్బు, అన్నిట్లో ఉంది. సబ్బు డబ్బా మీద సోడియం పామేట్ అని ఉంటే అది పామాయిలే, బిస్కెట్ ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో పామోలిన్ అనో పామాయిల్ అనో రాసి ఉంటుంది, భూతద్దం పెట్టి చూడాలి. ఆర్‌ఎస్‌పీఓ అని 2004లో మొదలైన ఒక అంతర్జాతీయ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఉంది, తాటిమట్ట లాంటి గుర్తుతో, అడవి కొట్టకుండా పండించిన నూనెకి ఇస్తారు. అది కూడా లోపాలు లేనిదేం కాదు, సర్టిఫికెట్ ఉన్న కంపెనీల మీద కూడా ఫిర్యాదులు వచ్చాయి, అయినా ఏమీ లేకపోవడం కంటే నయం. నేను తిరిగిన షాపుల్లో మాత్రం ఆ గుర్తు ఎక్కడా కనపడలేదు. ఇంత కొనే దేశంలో కొనేవాళ్ళెవరూ అడగరు కాబట్టి చూపించే అవసరం అమ్మేవాళ్ళకి లేదు.

బీదవాళ్ళని మానేయమని మాత్రం నేను చచ్చినా చెప్పను. తమిళనాడు రేషన్ షాపులో కార్డుకి లీటర్ పామోలిన్ 25 రూపాయలకి ఇస్తారు, మా దగ్గర పనిచేసే వాళ్ళందరి ఇళ్ళలో ఆ నెలంతా తాలింపు దానితోనే. బయట రేటు పెట్టి వేరుశనగ నూనె కొనమని వాళ్ళకి ఎవరు చెప్పగలరు? కానీ ఆ నూనె కొనేది వాళ్ళు కాదు కదండీ, ప్రభుత్వం, సివిల్ సప్లైస్ కార్పొరేషన్ టెండర్ పిలిచి కొంటుంది, రాష్ట్రంలో రెండు కోట్ల పైన కార్డులున్నాయి. ఆ టెండర్లో ఒక్క షరతు చేర్చమని నా మనవి, సరఫరా చేసేవాళ్ళు ఏ మిల్లుల నూనో రాసివ్వాలి అని. నాణ్యత గురించి షరతులు ఎన్నో పెడతారు, యాసిడ్ ఎంతుండాలి, తేమ ఎంతుండాలి అని, ఇంకో లైను రాయడానికి కష్టమేముంది. లీటర్ రేటు మీద దాని భారం పెద్దగా పడుతుందని నేననుకోను. పడితే ప్రభుత్వం భరించాలి, కార్డున్న వాళ్ళ మీద వెయ్యకూడదు. నేను ఈ మాట మా వార్డు కౌన్సిలర్‌కి అర్జీగా ఇచ్చాను, తమిళంలో మా అమ్మాయి రాసిపెట్టింది, మా వీధిలో 62 మంది సంతకాలు పెట్టారు. చాలామందికి ఒరాంగుటాన్ అంటే ఏంటో ఫోన్‌లో చూపించాల్సొచ్చింది, చూశాక సంతకం పెట్టనన్నవాళ్ళు ఇద్దరే.

అడిగితే ఏమవుతుంది అనేవాళ్ళకి ఒక మాట. ఇండోనేషియా ప్రభుత్వం 2011లో పాత అడవులు కొట్టడానికి, పీట్ నేలల్లో తోటలు వెయ్యడానికి కొత్త పర్మిట్లు ఇవ్వడం ఆపింది, 2019లో దాన్ని శాశ్వతం చేసింది. 2016 తర్వాత అక్కడ అడవులు కొట్టడం అంతకుముందుతో పోలిస్తే తగ్గింది. ఊరికే తగ్గలేదు, ఒకపక్క ఆ దేశపు జనం పొగకి ఊపిరాడక గోల పెట్టారు, ఇంకోపక్క కొనేవాళ్ళు మీ నూనె మాకొద్దన్నారు. కొనేవాళ్ళలో అందరికంటే పెద్దవాళ్ళం మనం ఇంకా నోరు తెరవలేదు.

2024లో మలేషియా మంత్రి ఒకాయన, పామాయిల్ కొనే దేశాలకి ఒరాంగుటాన్లని బహుమానంగా ఇస్తాం అని ప్రకటించాడు, చైనా వాళ్ళు పాండాల్ని ఇచ్చినట్టు, ఆ దేశాల్లో మన పేరు కూడా చెప్పారు. తర్వాత అందరూ తిట్టేసరికి, జంతువులు మా అడవుల్లోనే ఉంటాయి, కావాలంటే వాటి ఖర్చు మీరు భరించండి అని మార్చుకున్నారు. మార్చుకోవడం మంచిదయింది. మన దేశంలో చివరి ఒరాంగుటాన్ బిన్నీ అని ఒడిశా నందన్‌కానన్ జూలో ఉండేది, 2003లో పుణె నుంచి తెచ్చారు, 2019లో 41 ఏళ్ళ వయసులో చచ్చిపోయింది. పదహారేళ్ళ పాటు తన జాతిది ఇంకోటి పక్కన లేకుండా బతికింది. వాళ్ళు బాగానే చూసుకున్నారట, పండ్లు పెట్టారు, చలికి దుప్పట్లు ఇచ్చారు. అయినా ఆ పదహారేళ్ళు తల్చుకుంటే నాకు ఎలాగో ఉంటుంది. నూనె డబ్బాకి బొమ్మ ఫ్రీ ఇచ్చినట్టు ప్రాణం ఉన్నదాన్ని ఇవ్వకూడదు, మనం పుచ్చుకోకూడదు.

మన చెన్నై సంగతి ఒకటి తప్పకుండా రాయాలి. మీ పేపర్లోనే తరచూ చూస్తుంటాను, బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుడి సూట్‌కేసులో కొండచిలువలు, తాబేళ్ళు, గిబ్బన్ పిల్లలు, చాక్లెట్ డబ్బాల్లో, ప్లాస్టిక్ బుట్టల్లో కుక్కి తెచ్చారని, కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్నారని, కొన్ని అప్పటికే చచ్చిపోయాయని. చెన్నై, బెంగళూరు ఎయిర్‌పోర్టులు రెండూ దీనికి దారి అయిపోయాయి. తెచ్చేవాడు కూలివాడు, డబ్బుకి ఆశపడి తెస్తాడు, అసలు కొనేవాడు ఎక్కడో మంచి ఇంట్లో ఉంటాడు, వాడికి ఆ కోరిక ఎక్కడ పుట్టింది అంటే మళ్ళీ మనం నవ్విన ఆ గౌను వీడియో దగ్గరే. మన వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న విదేశీ జంతువు ఏది ఇంట్లో ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి, దొంగతనంగా పెట్టుకుంటే నేరం. ఒరాంగుటాన్ అయితే ఆ జాబితాలో మొట్టమొదటి వరసలో ఉంది, దేశాల మధ్య వ్యాపారానికి దాన్ని అమ్మడం కొనడం కుదరదు. మీ పక్కింట్లో, మీ చుట్టాలింట్లో అలాంటి జంతువు కనపడితే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చెయ్యండి, మొహమాటపడొద్దు. వీడియో వస్తే రిపోర్ట్ కొట్టండి, తిడుతూ కూడా షేర్ చెయ్యొద్దు, తిట్టినా అది ఇంకో వెయ్యిమందికి చేరుతుంది.

ఇంట్లో పిల్లలకి చూపించాలనుకుంటే మంచివి ఉన్నాయి. రాకుస్ అనే మగ ఒరాంగుటాన్ సంగతి చూపించండి, 2022లో సుమత్రాలో దాని చెంప మీద పెద్ద గాయం అయితే, అక్కడి జనం మందుగా వాడే ఒక తీగ ఆకులు నమిలి, ఆ రసం గాయం మీద పదే పదే రాసుకుని, చివరికి ఆ నమిలిన ముద్దని గాయానికి పట్టు వేసుకుంది. పక్కనే కూర్చున్న పరిశోధకులు కళ్ళారా చూసి రాసుకున్నారు, 2024లో ప్రచురించారు, గాయం అయిదు రోజుల్లో మూసుకుపోయింది. మా నాయనమ్మ చెయ్యి కొడవలికి తెగితే గడ్డిచామంతి ఆకు నలిపి పిండేది, ఆవిడకి ఎవరు నేర్పారో ఆవిడకే తెలీదు.

డబ్బు సాయం చెయ్యాలనుకునే వాళ్ళకి, బోర్నియో ఒరాంగుటాన్ సర్వైవల్ ఫౌండేషన్ అని ఇండోనేషియాలోనే ఉంది, 1991 నుంచి. బోర్నియోలో ఇండోనేషియా భాగంలో ఉన్న మధ్య కాలిమంతాన్‌లో వాళ్ళ న్యారు మెంటెంగ్ కేంద్రంలో తల్లి లేని పిల్లల్ని ఆ ఊరి ఆడవాళ్ళే ఎత్తుకుని రోజూ అడవిలోకి తీసుకెళ్ళి చెట్టెక్కడం, తిండి వెతుక్కోవడం నేర్పుతారు, అడవి బడి అంటారు దాన్ని, ఒక్కో పిల్లకి ఏడెనిమిదేళ్ళు పడుతుంది మళ్ళీ అడవిలో వదలడానికి. తల్లి ఆరేడేళ్ళలో నేర్పేది మనుషులు నేర్పాలంటే అంతే కదా మరి. నెలనెలా ఒక పిల్ల ఖర్చులో భాగం పంచుకోవచ్చు. మా పిండివంటల వాళ్ళం అయిదుగురం కలిసి దీపావళి ఆర్డర్లలో వచ్చినదాంట్లో కొంత పంపించాం. మలేషియా టూర్ వెళ్ళేవాళ్ళు మన చెన్నై నుంచి చాలామందే ఉన్నారు, బోర్నియోలో మలేషియా రాష్ట్రం సాబాలో ఒరాంగుటాన్ల కోసం పెట్టిన సెపిలోక్ కేంద్రం 1964 నుంచి నడుస్తోంది, వెళ్తే టిక్కెట్ డబ్బులు మంచి పనికే పోతాయి. కానీ జలుబు, దగ్గు ఉంటే వెళ్ళొద్దు, మన జబ్బులు వాటికి అంటుకుంటాయి, ఎత్తుకుని ఫొటో తీయిస్తామనే చోటికి అసలే వెళ్ళొద్దు.

మన దేశంలో ఒక భయం కూడా ఉంది నాకు. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ పెట్టింది, మా తమ్ముడి లాంటి వాళ్ళకి మంచిదే, దిగుమతి తగ్గుతుంది. అందులో ఈశాన్య రాష్ట్రాల మీద, అండమాన్ మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. ఆ ఈశాన్యంలోనే మన హూలక్ గిబ్బన్ ఉంది, ఒరాంగుటాన్‌కి దూరపు చుట్టం, మన దేశంలో అడవిలో బతికే తోకలేని వానరం అదొక్కటే, అది కూడా చెట్టు దిగదు, కొమ్మ తెగితే దారి తెగినట్టే. అస్సాంలో హోలోంగాపార్ అని దాని కోసమే ఉన్న చిన్న అడవి మధ్యలోంచి రైలు పట్టాలు వెళ్ళి రెండు ముక్కలయింది. పొగాకు చేలో తోట వెయ్యడం వేరు, మిజోరాంలో కొండ మీద అడవి కొట్టి వెయ్యడం వేరు. బోర్నియోలో ఇతరులు చేసింది తప్పని అంటూ మనింట్లో అదే చేస్తే ఎలాగ.

నా మటుకు నేను జంతికలు, చేగోడీలు వేరుశనగ నూనెకి మార్చాను, రేటు పెంచి ఎందుకు పెంచానో ప్యాకెట్ మీద రెండు లైన్లు తెలుగులో, తమిళంలో రాయించాను, కొంతమంది పాత కస్టమర్లు మానేశారు, కొత్తవాళ్ళు కొంతమంది వచ్చారు. మిక్చరు, కారప్పూస ఇంకా పామోలిన్‌లోనే వేపుతున్నాను, అవి కొనేవాళ్ళు పది రూపాయలు పెంచితే కొనలేరు. అందుకే ఆ డబ్బా కంపెనీకి, పేరు రాయను, మీ నూనె ఏ మిల్లులదో చెప్పండి అని మెయిల్ పెట్టాను. 19 రోజులకి జవాబొచ్చింది, "మా ఉత్పత్తులు అన్ని నాణ్యతా ప్రమాణాలకు లోబడి ఉన్నాయి, మీ అభిమానానికి ధన్యవాదాలు" అని. నేను అడిగింది నాణ్యత గురించి కాదు. మళ్ళీ రాశాను, ఈసారి మా టోకు షాపాయన, ఇంకో ముగ్గురు స్వీట్ షాపుల వాళ్ళు కూడా తమ పేర్లతో రాశారు, మేమందరం కలిపితే నెలకి రెండొందల డబ్బాల పైనే కొంటాం. ఆ జవాబు ఇంకా రాలేదు.

మీరు బిజినెస్ పేజీలో పామాయిల్ దిగుమతి ఎన్ని టన్నులు, సుంకం ఎంత పెరిగింది తగ్గింది అని వేస్తుంటారు, నేను ప్రతిసారీ చదువుతాను, నా వ్యాపారానికి అవసరం. మీ విలేకరులు ఆ కంపెనీల వాళ్ళతో మాట్లాడినప్పుడు ఈ ఒక్క ప్రశ్న కూడా అడిగి, ఎవరు మిల్లుల లిస్టు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో ఆ టన్నుల పక్కనే వెయ్యమని కోరుతున్నాను. మాకు జవాబు వస్తే అది కూడా మీకు పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెరంబూర్, చెన్నై